ఆయన కుర్చీ

మతిమరుపు రోగుల ఆస్పత్రిలో మా ఆవిడని చూడనిచ్చేది రోజుకి గంటే. ఆ గంటలోనూ ఆపుకోలేక మూడు నాలుగుసార్లు బాత్రూముకి పరుగెత్తేవాణ్ణి. తిరిగొచ్చిన ప్రతిసారీ “వచ్చారా?” అనేది.

ఉన్న గంటైనా తన దగ్గర కూర్చుందామని, ఆ పరుగులు తగ్గేందుకు మూత్రాశయంలో ఇంజక్షన్లు వేయించుకున్నాను. మొహం మీద ముడతలకి వేసే బొటాక్స్ మందేనట. “లోపల సోకు చేసుకుంటున్నావా బావా!” అని మా బావమరిది నవ్వాడు.

రెండు వారాలకి మందు పట్టింది. ఇవాళ మంచం పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉన్నాను. చెయ్యి పట్టుకుంటే లాగేసుకుంది.

“ఎవరండీ మీరు?”

“నేనేనే. మీ ఆయన్ని.”

“చాల్లెండి. మా ఆయన పది నిమిషాలు కుదురుగా కూర్చుంటే ఒట్టు. బాత్రూముకి వెళ్ళుంటారు, వచ్చేస్తారు. అది ఆయన కుర్చీ, లేవండి.”

లేచాను. బాత్రూములోకి వెళ్ళి, అవసరం లేకపోయినా తలుపేసుకుని కాసేపు నిలబడ్డాను. చేతులు కడుక్కుని వచ్చాను.

“వచ్చారా?” అంది, కుర్చీ నా వైపు జరుపుతూ. “ఎవరో వచ్చి ఇందులో కూర్చుని ఎంతకీ కదలడే! నేనే లేపేశాను.”