దూడ గంట

చెల్లెలు రాజ్యానికి,

మరిదిగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? కోడలికి జ్వరం విడిచిందా? నీకు కళ్ళు తిరగడం ఆగిందా? మీ బావగారి ఆయాసం అలాగే ఉంది. ఫోన్లో చెబితే ఆయన వింటారని కార్డు రాస్తున్నాను.

ఆయనకి కేకేసే ఊపిరి లేదుగదా. అందుకని దూడ మెడలోని గంట తీసి ఆయన చేతికిచ్చి, మధ్యాహ్నం పక్కింటి అరుగు మీద పేకాటకి వెళ్ళేదాన్ని. ముక్కలు పట్టుకోగానే గంట మోగేది.

"గోడవతల నుంచి మీ ఆయనకి నీ ముక్కలు కనపడుతున్నాయేమో అక్కా!" అని నవ్వేవాళ్ళు. నేను విసుక్కుంటూ లేచేదాన్ని.

మంగళవారం గంట మోగలేదు. ఆట మొత్తం ఆడి, గెలిచి, సంతోషంగా ఇంటికొచ్చాను.

ఆయన మంచం మీంచి కింద పడి రొప్పుతున్నారు. గంట మోగకుండా దాని నాలుకని గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు.

మందు పీల్పించి, కుదుటపడ్డాక అడిగాను. "గంట కొట్టలేదేమండీ?"

"నువ్వు నవ్వుతున్నావుగా. ఎన్నాళ్ళకో వినపడింది."

ఇప్పుడు రోజూ ఆయనే వెళ్ళమంటున్నారు. వెళితే, గంట మోగనంతసేపూ చేతిలో ఏ ముక్క ఉందో నాకు తెలియడం లేదు.

ఈ నెల పదిహేను, ఆదివారం, పేట నుంచి పొద్దుటి బస్సుకి రా. నువ్వు ఆయన పక్కన కూర్చుంటే ఒక్క ఆట ఆడుకొస్తాను.