జయమణి అడిగిన అలమరలు

"అలమరలన్నీ ఒకే ఎత్తులో ఉండాలండి. మీ బుజం కాడికి," అంది జయమణి.

"నీకందవు కదే."

"పీటేసుకుంతాను. పుస్తకంలో అలాగే ఉంది."

ఆ పుస్తకం యేసుదానం ప్రాణం మీదికొచ్చింది. జయమణి ఉక్కు కాలనీలో ఒక ఇంజనీరు గారింట్లో వంట చేస్తుంది. ఆ ఇంటావిడ ఇచ్చిన రంగుబొమ్మల పుస్తకం అది. గోడలోనే మంచాలు, గోడలోనే బల్లలు, గోడలోనే బీరువాలు. వన్ టౌన్ సందులోని తమ రెండు గదుల పెంకుటిల్లుని అచ్చం అలా మార్చేయమని పదిహేను రోజులుగా మొగుణ్ణి కాల్చుకు తింటోంది. మొగుడు షిప్‌యార్డులో వడ్రంగి. ఓడ గదుల్లో అలమరలు బిగించడంలో ఇరవై ఏళ్లుగా చెయ్యి తిరిగినవాడు. ఇంక అడగడానికేం?

యేసుదానం పుస్తకం తిరగేసి, చూసినట్టు తలూపాడు. నిజానికి ఆ బొమ్మలు అతని కంటికి ఆనలేదు.

కంటి నరం ఎండిపోతోందన్నాడు డాక్టరు. పక్కచూపు అప్పటికే పోయింది. ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు మసగ్గా కనిపిస్తుంది. అదైనా క్రిస్మస్ దాకా ఉంటే గొప్పేనట. డాక్టరు రాసిచ్చిన చీటీ చొక్కా జేబులో పెట్టుకుని ఎక్కడో పారేసుకున్నాడు యేసుదానం. పోతే పోయిందిలే, ఇంట్లో తెలియకుండా ఉంటే చాలనుకున్నాడు.

తెలిస్తే జయమణి తట్టుకోలేదు. ఎప్పటికైనా తెలియాల్సిందే గానీ, ఆ రోజు రాకుండా ఎన్నాళ్లు ఆపగలిగితే అన్నాళ్లు ఆపాలి. ఉన్న రెండు నెలల్లో అతను చూసుకోవాలనుకున్నవి కూడా ఎక్కువేం లేవు. రేవులోకి వచ్చే ఓడలు. ఆదివారం చర్చిలో పాటందుకున్నప్పుడు జయమణి ముఖం. అంతే.

అవన్నీ వదిలేసి డ్యూటీ దిగిన దగ్గర్నుంచి పొద్దుగూకే దాకా చెక్కలకి చిత్రిక పడుతున్నాడు. ఆరిపోబోయే చూపు కాస్తా ఒక ఆడదాని సోకుకి అరిగిపోతోంది. ప్రభువా, ఇదేం శిక్ష అని లోపల్లోపలే కుళ్లి కుళ్లి ఏడ్చాడు.

మంచం గోడకి బిగించాడు. "మూలలు గుండ్రంగా తియ్యండి," అంది. తీశాడు. మేకు మీద పడాల్సిన దెబ్బలు రెండు వేలి మీద పడ్డాయి. జయమణి పసుపు తెచ్చి అద్దింది గానీ, ఇంక చాల్లెండి అని మాత్రం అనలేదు.

మర్నాడు ఇంకోటి పట్టుకొచ్చింది.

"మంచం కాడ్నించి పెరటి తలుపు దాకా, గోడ పొడుగునా నడుమెత్తులో ఓ కర్ర పట్టీ ఎయ్యాలండి."

"ఓడ ఊగుద్దని, పట్టుకోడానికి ఏత్తారే అది. మనిల్లు ఊగుద్దేటి?"

"అందానికండి."

పళ్లు కొరుక్కుంటూ అదీ బిగించాడు.

శనివారం పొద్దున్న, "ఇంకొక్కటే," అంది. "పెరటి గుమ్మానికి గడప తీసెయ్యండి."

యేసుదానం చేతిలో ఉలి ఆగిపోయింది. ఆ గడప అతని తండ్రి చెక్కింది.

"గడప నేని ఇల్లు ఇల్లేటే? ఆ పుస్తకంలో ఉంటే నన్ను కూడా గోడకెట్టి మేకులు కొట్టెయ్యి."

"తీసెయ్యండి," అంది మళ్లీ, తల దించుకుని, మొండిగా.

ఉలి విసిరికొట్టి బయటికి నడిచాడు. సముద్రపొడ్డున కూలబడ్డాడు. పడవ ఎదురుగా ఉంటే ఉంది, కాస్త పక్కకి జరిగితే లేదు. అంత సముద్రమూ చిల్లుకాణీ అంతైపోయింది. చుట్టూ ఎవరున్నారో కూడా తెలియక, తెలుసుకోవాలనీ అనిపించక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంక దాచడం తన వల్ల కాదు. చెప్పేయాలి. ఈ అలమరలు నాను ఎలాగూ సూళ్లేనే, నీ ముఖం సూసుకోనీ అని చెప్పేయాలి. ఆపైన ఆమెని ఓదార్చడం దేవుడికే వదిలేయాలి.

మిట్టమధ్యాహ్నం ఎండలో, గోడలు పట్టుకుంటూ ఇల్లు చేరాడు. వీధి తలుపు లోపల గడియ వేసుంది. కిటికీ ఊచలకి ముఖం ఆనించి పిలవబోయాడు.

పెరటి గుమ్మానికి గడప లేదు. గుమ్మం పక్కన గొడ్డలి పడుంది. తనే ఊడబెరికిందన్నమాట. యేసుదానానికి ఒళ్లు మండిపోయింది. మనిషి కోసం ఆ కాస్త చూపూ గదంతా తిప్పాడు.

కళ్లకి తువ్వాలు బిగించి కట్టుకుని, ఒక చెయ్యి గోడ పట్టీ మీద ఆనించి, జయమణి మంచం దగ్గర్నుంచి పెరటి దాకా ఒక్కొక్క అడుగే లెక్కపెట్టుకుంటూ నడుస్తోంది.