అరకొరమ్మ పరుగు

"ఏమే అరకొరమ్మా! ఈ బూట్లయినా అరిగేదాకా తొడుగుతావా, వీటినీ మంచం కిందికి తోసేస్తావా?"

గడప మీద కూర్చుని లేసు బిగిస్తున్న కోడలు తలెత్తింది. అత్తగారి చంకలో ఉన్న పాప, ఉన్న రెండు పళ్లూ బయటపెట్టి నవ్వింది.

"ఈసారి చూడండి అత్తయ్యా. వేసవి చివర్లో మారథాన్. నలభై రెండు కిలోమీటర్లు. ఒక్క అడుగు తగ్గినా మీరేమన్నా పడతాను."

"తగ్గకపోతే?"

"ఆ పేరు మానెయ్యాలి."

"మానడమేమిటి, కొత్త పేరే పెడతాను. ముందు కదులు, తెల్లారిపోతోంది!"

ఆ పేరు ఊరికే రాలేదు. పదో తరగతి సగంలో మానేసింది. టైపు నేర్చుకుంటానని చేరి, పై వరస అక్షరాల దగ్గరే ఆగింది. మొగుడికి అల్లిన స్వెట్టరుకు ఒక చెయ్యే వచ్చింది. ఆ మహానుభావుడు దాన్నే తొడుక్కుని చలికాలమంతా రెండో చెయ్యి జేబులో పెట్టుకు తిరిగాడు. ఆఖరికి పాప పుట్టినరోజుకని కుట్టడానికిచ్చిన గౌనుదీ అదే గతి. పుట్టినరోజు వెళ్లి నెలయినా రాలేదు. కొలతలు తీసుకున్నది దర్జీ భార్య. దర్జీ తెర వెనక మిషను తొక్కుతూ మొహమైనా చూపించలేదు. ఆ తర్వాత ఎప్పుడెళ్లినా అంతే. మలుపు దాకా మిషను చప్పుడు వినిపించినట్టే ఉంటుంది, తీరా వెళితే తాళం.

"నువ్వూ ఆ దర్జీ ఒకే బడిలో చదివుంటారు," అంటుంది అత్తగారు.

మొదటిరోజు రెండు వీధులు దాటేసరికే ఆయాసం ముంచుకొచ్చింది. ఒళ్లు రోడ్డు మీదుంది కానీ ప్రాణమంతా ఇంటి దగ్గరే. పాప ఏడుస్తోందేమో, పాలు వేడిగా పట్టేస్తున్నారేమో, నేల మీద పడ్డ గుండీ ఏదైనా నోట్లో పెట్టుకుందేమో! వెనక్కి తిరగబోయింది.

అప్పుడు కనిపించాడాయన. నీలం టోపీ. మనిషి పుల్లలా ఉన్నా పిక్కలు రాళ్లలా ఉన్నాయి. ఆమెను చూసి ఒక్క క్షణం నిలబడ్డాడు. మరుక్షణం పరుగందుకున్నాడు. జేబులో తాళంచెవులు గలగలలాడాయి.

'ఆ పిక్కలు ఊరికే వచ్చినవి కావు, ఏళ్ల సాధన' అనుకుని ఆ గలగల వెంటపడింది. ఆయన వేగం పెంచితే తనూ పెంచింది. ఆయన మధ్యమధ్య వెనక్కి తిరిగి చూస్తున్నాడు, వస్తోందా లేదా అని. ముక్కూమొహం తెలియని మనిషి మీద ఎంత శ్రద్ధ!

"నాకు గురువు దొరికాడండీ!" ఇంట్లో అడుగుపెడుతూనే అరిచింది.

"ఏం చెప్పాడేమిటి?" అన్నాడు మొగుడు.

"ఒక్క మాటా మాట్లాడడు. ముందు పరిగెడతాడంతే."

"మాట్లాడని మనుషులు కూడా ఉంటారా? మా అమ్మకి పరిచయం చెయ్యవే."

"వినపడుతోందిరా!" వంటింట్లోంచి గరిటె మోగింది.

ఎండలు ముదిరాయి. రోళ్లు పగిలే ఎండ. ఆమె అయిదున్నర పరుగును అయిదుకు మార్చుకుంది. గురువూ అయిదుకే కనిపించాడు. నాలుగున్నర చేసింది. అప్పుడూ మలుపులో గలగల! 'నాకోసం నిద్ర కూడా మానుకుంటున్నాడు' అని గుండె నిండిపోయింది.

ఒకరోజు గుక్క తిప్పుకోలేక "ఆగండి!" అని కేకేసింది. ఆయన రెట్టింపు వేగంతో దూసుకుపోయాడు. ఆగకూడదన్నదే ఆ రోజు పాఠమని తెలుసుకుంది. ఇంకోరోజు దూరం తెలియక, "ఇంకా ఎంతండీ?" అని అరిచింది.

"అయిపోవచ్చిందమ్మా!" తిరక్కుండానే చెయ్యూపాడు.

ఎక్కడి అయిపోవడం, ఇంకో నాలుగు కిలోమీటర్లుంది. కానీ ఆ అబద్ధంలోని దయకి ఆమె కళ్లు చెమర్చాయి.

మారథాన్ రోజు రానే వచ్చింది. వందల మందిలో ఎంత వెతికినా నీలం టోపీ కనిపించలేదు. ముప్పై కిలోమీటర్లు ఎలాగో లాగింది. ముప్పై ఆరు దగ్గర కాళ్లు మొరాయించాయి. ఒక్కో అడుగూ 'అరకొర, అరకొర' అంటున్నట్టే ఉంది. దారి తనకు తెలిసిన వీధిలోకే తిరిగింది. ఇంటికి నాలుగు అడుగులు. వెళ్లి పాపను ఎత్తుకుంటే? రోడ్డు పక్కకు జరిగింది.

సరిగ్గా అప్పుడే ఓ కొట్టు మెట్టు దిగుతూ నీలం టోపీ! మెడలో పసుపుపచ్చ రిబ్బను వేలాడుతోంది. గుండెల మీద నంబరు లేదు. పాత పతకాల మనిషికి నంబరెందుకు? ఆయన ఆమెను చూశాడు. ఆమె వెనక ఉప్పెనలా వస్తున్న జనాన్ని చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి. పరుగో పరుగు!

"గురువుగారూ!" అని కేకేసింది. ఆమె కాళ్లకు ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి రోడ్డుకు రెండు పక్కలా తాళ్లు కట్టేశారు, ఆయన ఏ సందులోకీ తిరగలేదు. చప్పట్లు, ఈలలు, తాళంచెవుల గలగల. అలసిపోయిన వాళ్లను ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఇద్దరూ రివ్వున పోతున్నారు. ఆమెకు నవ్వాగడం లేదు.

ముగింపు గీతకు అవతల పాపను భుజాలకెత్తుకుని అత్తగారు గెంతుతోంది. "పూర్తమ్మా! రా తల్లీ, రా! నా పూర్తమ్మ వచ్చేసిందిరోయ్!"

దాటేసింది! ఏడుస్తూ, నవ్వుతూ, పాపను ముద్దులతో ముంచెత్తుతూ చుట్టూ చూసింది. గురువు నేల మీద వెల్లకిలా పడి రొప్పుతున్నాడు. పరుగున వెళ్లి పక్కన మోకరిల్లింది.

"మీరు లేకపోతే నేను సగంలోనే ఆగిపోయేదాన్నండీ!"

ఆయన రెండు చేతులూ జోడించాడు.

"ఒక్క గౌను కోసం ఇంతమందిని వెంటేసుకొచ్చావా తల్లీ?"