గోడవతల అడవి గులాబి

ఎలాగైనా సరే, ఆ ముళ్ళకంపని చంపెయ్యాలని ఛాయాదేవి నిశ్చయించుకుంది.

లేకపోతే ఏమిటండీ! గోవింద్‌పూర్ కాలనీ తోటల పోటీలో ఐదేళ్ళుగా గులాబీల కప్పు ఆవిడదే. ఆరోదానికి షోకేసులో చోటు కూడా ఖాళీ చేసి ఉంచింది. ఈ ఏడు పక్కింటి తవిటమ్మ కూడా పేరిచ్చిందట! కంపెనీ క్యాంటీన్లో వంటమనిషి. పెంచేది చూస్తే, సువర్ణరేఖ ఒడ్డునుంచి పీక్కొచ్చిన అడవి గులాబి. తెల్లగా ఐదే ఐదు రేకులు. అయినా ఈసారి జడ్జీలకి నాటు మొక్కలంటే మోజు పుట్టిందని వినికిడి.

జనవరిలో ఓ పొద్దున్న ఛాయాదేవి గోడ మీంచి కూపీ లాగింది.

"దీనికేం వేస్తున్నావు తవిటమ్మా?"

"ఏటీ ఎయ్యనమ్మగోరూ. నీల్లు మాత్తరం పడవు దీనికి. మొదలు తడిసిందా, సచ్చూరుకుంటాది. అందుకే సుక్క పొయ్యను."

ఛాయాదేవికి సంతోషం పట్టలేదు. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే గులాబి కుళ్ళిపోతుందని ఆవిడకి మాత్రం తెలియదూ?

మర్నాటినుంచి తవిటమ్మ డ్యూటీకి వెళ్ళడం, ఛాయాదేవి పైపు గోడ కన్నంలోంచి అవతలికి దూరడం. గంటసేపు కుళాయి వదిలేసి, ఏమీ ఎరగనట్టు టీవీ ముందు కూర్చునేది.

"ట్యాంకులో నీళ్ళు అప్పుడే ఏమయ్యాయోయ్?" అని భర్త సూర్యప్రకాశ్ అడిగితే, "వాషర్ పోయిందండీ" అంది తడుముకోకుండా.

నెల తిరిగేసరికి కంప ఎండలేదు సరికదా, గోడెక్కింది. ఫిబ్రవరి ఆఖరుకి ఒళ్ళంతా మొగ్గలే. చచ్చేముందు మొక్కలు విరగబూస్తాయని ఎక్కడో చదివిన గుర్తు. ఛాయాదేవి గుండె చిక్కబట్టుకుని, రోజుకి రెండు గంటలు వదిలింది.

మార్చిలో కప్పు తవిటమ్మ చేతికి వెళ్ళింది. ఛాయాదేవి ఏడుపు దిగమింగుకుని చప్పట్లు కొట్టింది.

జడ్జి వెంకటరావుగారు మైకు పట్టుకుని అడిగారు. "ఇది ఏటి ఒడ్డున, నీళ్ళలో నిలబడి పెరిగే జాతి. మొదలు దగ్గర తడి ఆరితే పువ్వే పుయ్యదు. చలికాలమంతా అన్ని నీళ్ళు ఎలా పోశావమ్మా?"

తవిటమ్మ ముందు వరసలో ఉన్న ఛాయాదేవికేసి తిరిగి, రెండు చేతులా దణ్ణం పెట్టింది.

"మా ఇంటికి కొళాయి నేదు బాబూ. అందుకే, నీల్లు పోత్తే సచ్చిపోద్దని ఈ అమ్మగోరికి సెప్పినాను."