గోడ మీది శాతం

మండపేట దగ్గర ఓ ఎయిడెడ్ హైస్కూలు. బడులు తెరిచిన వారంలో, పెయింటరు ఒకతను రోడ్డు వైపు గోడ మీద పెద్ద అక్షరాలు రాస్తున్నాడు.

‘పదో తరగతి ఫలితాలు, 2003. నూటికి నూరు శాతం.’

కిటికీ లోపల హెడ్మాస్టరు జగన్నాథరావు కొత్త పదో తరగతికి శాతాలు చెబుతున్నారు. ఉదాహరణకి ఆ గోడ రాతనే తీసుకున్నారు. ముప్పై ఒక్కమంది పరీక్ష రాశారు, ముప్పై ఒక్కమందీ ప్యాసయ్యారు, కాబట్టి నూటికి నూరు.

పెయింటరు కుంచె ఆపి లోపలికి చూశాడు.

“మాస్టారండీ, చిన్న సందేహం. పోయినేడాది జూన్‌లో ఈ క్లాసులో ఎంతమంది ఉన్నారండి?”

పిల్లలు నవ్వారు. జగన్నాథరావుకి ఒళ్లు మండింది.

“నీ పని నువ్వు చూసుకోవయ్యా.”

అతను మిగిలిన అక్షరాలు రాసి, డబ్బాలు సైకిలుకి తగిలించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు క్లాసులో శ్రీదుర్గ లేచి నిలబడింది.

“మాస్టారూ, పోయినేడాది మా అక్క కూడా పదిలోనే ఉందండి. ఆ ముప్పై ఒక్కరిలో మా అక్క లేదు కదండీ?”

ఆయన ప్యూన్ని పిలిచారు.

పోయినేటి హాజరు పట్టీ తెప్పించి, పిల్లల్నే లెక్కపెట్టమన్నారు. జూన్‌లో నలభై నాలుగు పేర్లు. మార్చిలో ముప్పై ఒకటి. హాజరు చాలలేదనో, మార్కులు రావనో పదమూడు మందిని పరీక్షకే పంపలేదు.

వాళ్లంతా ఇప్పుడేం చేస్తున్నారో కనుక్కుని రమ్మన్నారు.

పిల్లలు వారం రోజులు తిరిగి రాసుకొచ్చారు. ఐదుగురు రైసు మిల్లుల్లో. నలుగురు పొలం పనుల్లో. ముగ్గురికి పెళ్లయిపోయింది. ఒకరి జాడ తెలియలేదు.

పెళ్లయినవాళ్ల వరసలో అక్క పేరు శ్రీదుర్గే రాసింది.

ఆ కాగితాన్ని జగన్నాథరావు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏటేటా పాఠం చెబుతూ తను వేసుకోని ప్రశ్న అది. గోడకి రంగులేసే మనిషి ఒక్క మాటలో అడిగాడు.

చేరినవాళ్లు, రాసినవాళ్లు, ప్యాసైనవాళ్లు, మూడు అంకెలూ గోడ మీద రాయించాలనుకున్నారు. అతని చేతే రాయించాలని వెతుక్కుంటూ మండపేట వెళ్లారు.

ఇంటి ముందు ‘అబ్రహాము ఆర్ట్స్’ అని బోర్డుంది. లోపలి నుంచి అతని భార్య బేబి వచ్చింది. ఆయన మస్కట్ వెళ్లి నాలుగు రోజులైందని, మళ్లీ రెండేళ్ల దాకా రారని చెప్పింది.

“మీ స్కూలు గోడే ఇక్కడ ఆఖరి పనండి. లెక్కలు మీ దగ్గరే నేర్చుకున్నానని చెబుతుంటారండి. మీలాగా చెప్పేవాళ్లు లేరంటారు.”

జగన్నాథరావుకి ఆ పేరు ఎంతకీ గుర్తు రాలేదు. స్కూలుకి తిరిగొచ్చి, బీరువాలోని పాత పట్టీలు ఒక్కొక్కటే తీశారు.

బడికి మొట్టమొదటిసారి అందరూ ప్యాసైన ఏడాది పట్టీలో, పరీక్షకి పంపకుండా తన చేత్తో ఎర్ర సిరాతో కొట్టేసిన మొదటి పేరు, అబ్రహాము.