మరిదికి క్లెరికో

కత్తి తీసుకుని వాసన చూశాడు ఎలిహియో.

“పొద్దున ఉల్లిపాయ తరిగాను మరిదీ. నమ్మకం లేకపోతే నాకి చూడు,” అంది ఎవారిస్తా.

మామిడిచెట్టు నీడలో చేరిన జనం కిసుక్కుమన్నారు. పరాగ్వేలో క్రిస్మస్ అంటే నడివేసవి. గొడ్లు కూడా నీడ వదిలి కదలని ఎండ. అంత ఎండలోనూ వీధి వీధంతా ఆమె వాకిట్లోనే ఉంది, ఆమె క్లెరికో కలుపుతుంటే చూడ్డానికి.

క్లెరికో అంటే మరేం లేదు. చల్లటి వైన్‌లో నానిన పళ్ళముక్కలు. పండక్కి ప్రతి ఇంట్లోనూ కలిపేదే. ఏ పండైనా వేసుకోవచ్చు, పుచ్చకాయ తప్ప. వైన్, పుచ్చకాయ కడుపులో కలిస్తే రాయైపోతుంది, ఆ మనిషిక తెల్లారి లేవడు. ఈ సంగతి ఆ ఊళ్ళో మాటలొచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

నిరుడు పండగనాడు ఎవారిస్తా కలిపిన క్లెరికో తాగి పడుకున్న మామగారు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎలిహియో మాత్రం తండ్రి శవపేటిక మీద పడి, “వదినే పుచ్చకాయ వేసింది, నా కళ్ళతో చూశాను,” అని ఊరంతా వినేలా ఏడ్చాడు.

ఆ ఏడుపుతో ఎవారిస్తా గంప అటకెక్కింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ చీపా రొట్టెలు కాల్చి, గంపకెత్తి, వీధి వీధీ తిరిగి అమ్ముకునే మనిషి. ఆమె చేతిది తినేవాళ్ళే లేకుండా పోయారు. ఇప్పుడు ఊళ్ళో చీపాలమ్మేది ఎలిహియో పెళ్ళాం.

మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద మరిదిని పట్టుకుంది ఎవారిస్తా. “పండక్కి మళ్ళీ కలుపుతాను. పక్కనే కూర్చుని చూడు. పుచ్చకాయ ముక్క ఒక్కటి కనబడినా ఊరొదిలి పోతాను. కనబడలేదా, అందరి ముందూ తాగు.” అంతమందిలో కాదనలేకపోయాడు ఎలిహియో.

అందుకే ఈ తనిఖీ. బాలయేసు బొమ్మ ముందు అలంకరించిన పళ్ళలో ఒక పుచ్చకాయ ఉంది. దాన్ని ఎత్తి, తిప్పి, వేలితో కొట్టి చూశాడు. ఎక్కడా గాటు లేదు. పెరట్లోకి తొంగిచూశాడు. పందులు కడుపునిండా మేసి ఒళ్ళెరక్కుండా పడుకున్నాయి.

అనాస, అరటి, నారింజ, ఆపిల్. ఒక్కో పండూ అతని చేతుల్లోంచే ఆమె చేతికొచ్చింది. ఖర్బూజా దగ్గర ఆగిపోయాడు.

“పండేరా అది, పెళ్ళికూతురు కాదు. ఇంక వదులు!” అంది పక్కింటి ముసలి పెత్రోనా.

వైన్ సీసా బిరడా కూడా అతని చేతే తీయించింది ఎవారిస్తా. మట్టి కూజాలో పళ్ళముక్కలు వేసి, ఎర్రటి వైన్ పోసి, పంచదార దండిగా కుమ్మరించింది. ఫ్రిజ్‌లోంచి గిన్నె తెచ్చి గలగలా ఐసు దిమ్మరించింది. గరిటెతో తిప్పింది. ఎలిహియో ఇంకా ఖర్బూజా తొక్కు వాసన చూస్తూనే ఉన్నాడు.

“ముందు నువ్వు తాగు,” అన్నాడు చివరికి.

ఎవారిస్తా గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది. మూతి తుడుచుకుని, రెండో గ్లాసు నింపి అతని చేతిలో పెట్టింది. అతను తాగితే చాలు. ఆ తర్వాత ఏం జరిగినా గెలుపు తనదే.

తాగాడు. మిగిలినవాళ్ళెవరూ గ్లాసు ముట్టలేదు. “ముందు వాణ్ణి బతకనీండి, చూద్దాం,” అంది పెత్రోనా.

ఎండ మామిడిచెట్టు దాటి గోడెక్కింది. ఎలిహియో ఇంకో గ్లాసు తాగాడు. మరోటి తాగాడు. ఐసు ముక్కలు కటకటా నమిలాడు. మొహం ఎర్రబడింది, పాటందుకున్నాడు. పెత్రోనా నడుం పట్టుకుని రెండు చుట్లు తిరిగాడు కూడా.

“ఏరా, కడుపులో రాయేమైనా పడిందా?” అంది ముసలిది రొప్పుతూ.

“రాయా? దూదిపింజలా ఉంది ఒళ్ళు!” అని పొట్ట చరుచుకున్నాడు. “అందరూ వినండి. ఇందులో చావు లేదు. మా వదిన చేతిలో ఏ దోషమూ లేదు. నిరుడు నాకే కళ్ళు సరిగ్గా ఆనలేదు కాబోలు.”

జనంలో నిలబడ్డ అతని పెళ్ళాం పళ్ళు కొరికింది. అతను చూసుకోలేదు.

“అయితే రేపు పొద్దున నాకు చీపాలు తెచ్చిపెట్టవే, ఎవారిస్తా,” అంది పెత్రోనా. “నాక్కూడా,” అన్నారు ఇంకెవరో.

“వదినా!” ఖాళీ గ్లాసు చాచాడు ఎలిహియో. “ఇంకాస్త ఐసు వెయ్యి. నీ ఐసే వేరు.”

ఎవారిస్తా గిన్నె బోర్లించి చూపించి, వీధంతా వినేలా, “అయిపోయింది మరిదీ, ఒక్క పుచ్చకాయ రసం గడ్డకడితే ఎంత ఐసొస్తుంది?” అంది.