ఏడో కణుపు

“జెర్రి కాదు సార్, రోకలిబండ,” అంటూ ఆమె సీసాను డైరెక్టర్ బల్ల మీద ఠక్కున పెట్టింది. “జెర్రి కుడుతుంది. ఇది పాపం, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుంటుంది.”

“మీరూ దాన్ని చూసి నేర్చుకోవచ్చు కదా మేడం!”

ఆయన ఈ మ్యూజియానికి వచ్చి మూడు నెలలైంది. ఆమె పురుగుల గదికి వచ్చి పన్నెండేళ్ళు. రేపు పొద్దున్నే కంకర క్వారీవాళ్ళు ఆ రోకలిబండ దొరికిన గుహ ఉన్న కొండకు మందు పెట్టి పేల్చేస్తారు. ఆ గుహలో తప్ప మరెక్కడా బతకని ప్రాణి ఉందని ఈ సాయంత్రం అయిదులోగా మ్యూజియం నివేదిక వెళ్తేనే ఆ పని ఆగుతుంది. నివేదిక ఆమె రాసేసింది. డైరెక్టర్ సంతకమే తక్కువ.

సీసాలో అగ్గిపుల్లంత ప్రాణి, పాలిపోయి, కళ్ళు లేకుండా ఉంది.

డైరెక్టర్ దాని వంక చూడనైనా చూడకుండా ఒక పాత పుస్తకం తీశాడు. అట్ట మీద ఒక ఇంటిపేరు, రెండు పొడి అక్షరాలు.

“క్వారీవాళ్ళు ఇచ్చి వెళ్ళారు. గుహలోదీ, బయట రాళ్ళ కిందదీ ఒకే జాతి అని ముప్పై ఏళ్ళ కిందటే రాసేశాడు పెద్దాయన. చీకట్లో ఉండి తెల్లబడిందట, అంతే.”

“అది తప్పు.”

“దీనికి బంగారు పతకం ఇచ్చారు!”

“పతకం ఇస్తే తప్పు ఒప్పయిపోతుందా?”

ఆయన ముఖం కందగడ్డ చేసుకున్నాడు. “పెద్దవాళ్ళ మీద బురద చల్లి పైకి రావాలనా?”

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ పేజీ తలచుకుంటేనే మూడు రోజులుగా తిండి సయించడం లేదు.

“ఎవరి పరువు గంగలో కలిసినా నాకు లెక్కలేదు సార్. గుహ పోతే ఇవి మళ్ళీ పుట్టవు. భూతద్దంలో చూడండి. ఏడో కణుపు దగ్గర మగదానికి కాళ్ళు కొక్కేల్లా ఉంటాయి. ఆ కొక్కేన్ని బట్టే జాతి తేలేది. బయటవాటికీ దీనికీ పోలికే లేదు. ఆ పుస్తకం రాసేటప్పుడు చూసింది ఆడదాన్ని!”

డైరెక్టర్ పకపకా నవ్వాడు. “ఆడో మగో చూసుకోకుండా ఎవరైనా తేల్చేస్తారా మేడం?”

“తేల్చేస్తారు సార్. రోజూ చూస్తున్నాం.”

ఆయన గడియారం చూసుకున్నాడు. నాలుగుంపావు. ఈవిడ పీడ వదిలించుకునే దారి దొరికిందనిపించింది.

“సరే. తప్పు రాశానని ఆయన చేతే రాయించి తీసుకురండి, సంతకం పెట్టేస్తాను. ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేడో!”

“మాట తప్పరుగా?”

“ఛ, తప్పను.”

ఆమె ఆయన బల్ల మీది తెల్లకాగితమే లాక్కుంది. నిలబడే నాలుగు వాక్యాలు గబగబా రాసి, కింద సంతకం చేసి, ఆయన ముందుకు తోసింది.

“మీరు రాస్తే ఎలాగండీ? అట్ట మీదున్న ఆయన రాయాలి.”

“అట్ట మీదున్నది నా పెళ్ళికి ముందు పేరు సార్.”